ఐవారి చెవి కోసం ఆర్గన్ పట్టిన రోజులు

పోయిన నెల మా పెద్దోడు నన్ను బండిలో నంద్యాలకు తీసుకుపోయాడు. వాడికి ఆళ్లగడ్డలో సౌండు సర్వీసు అంగడి ఉంది. వాళ్ల నాయన పెట్టిన మైకుసెట్టు అంగడే అది. ఇప్పుడు బోర్డు మారింది, లోపల మనిషంత ఎత్తు డబ్బాలు వచ్చాయి, అవి మోగితే మా వంటింట్లో గిన్నెలు ఎగురుతాయి. నంద్యాలలో మేము పెద్దగుడి అని పిలుచుకునే రాతి చర్చిలో పాత ఆర్గన్‌ను బాగుచేశారట, దాన్ని రికార్డు చేయడానికి ఎవరో కుర్రవాళ్లు వచ్చారట, వాళ్లకు పొడుగు స్టాండ్లు కావాలట. "నువ్వు పుట్టి పెరిగిన చోటే కదమ్మా, వస్తావా?" అని వాడు అడిగేసరికి నేను చెప్పులేసుకుని వాకిట్లో ఉన్నాను. శిరివెళ్ల దాటేదాకా వాడు ఏదో చెప్తూనే ఉన్నాడు, నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. ఆ ఆర్గన్‌కు గాలి కొట్టినదాన్ని నేను. నా చేతులు బండిలోనే పైకీ కిందికీ ఆడుతున్నాయి.

గుడిలోకి పోయి చూద్దును కదా, నవ్వు ఆగలేదు. గొట్టాల ముందర ఒక మైకు. నడిమి దారిలో రెండు. ఆ చివర తలుపు దగ్గర, పైకప్పుకు తగిలేటంత ఎత్తులో ఇంకొకటి. అన్నీ ఒక్కసారే పాటను పడతాయట. తర్వాత కంప్యూటర్ ముందర కూర్చుని దగ్గరిది ఎంత, దూరంది ఎంత అని కూరలో ఉప్పు చూసుకున్నట్టు చూసుకుంటూ కలుపుకుంటారట. చెవులకు గిన్నెల్లాంటివి తగిలించుకున్న కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, "అవ్వా, కొంచెం కదలకుండా కూర్చోండి, ఊపిరి పీల్చినా వినిపిస్తుంది" అన్నాడు. ఆ మాట నాకే చెప్తున్నాడా అని కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా పెద్దోడు గుడ్లురిమాడు. వాడికేం తెలుసు! వాళ్లు ఒక్కసారే మైకులు పెట్టిన ఆ చోట్లన్నింటికీ, వాడు పుట్టకముందు, వాళ్ల నాయన ఒకే ఒక్క మైకును చంకలో పెట్టుకుని తిరిగాడు. ఆ తిరుగుడు చెప్పాలనిపించింది. నాకు చదువు నా పేరు రాసుకునేదాకే వచ్చు. నేను చెప్తున్నాను, మనవరాలు రాస్తోంది, మధ్యలో నవ్వుతోంది కూడా.

మా ఇల్లు పెద్దగుడి వెనక కాంపౌండులో ఉండేది. నాయన గుడికి కావలి. అమ్మ గుడి ఊడ్చేది, బెంచీలు తుడిచేది, ఆదివారం ఆర్గన్‌కు గాలి కొట్టేది. నా చేతులకు బలం వచ్చాక ఆ గాలి కొట్టే పని నాకు వచ్చింది, పక్కన నిలబడి అరిచే పని అమ్మకు మిగిలింది. ఆర్గన్ అంటే చూడనివాళ్లకు ఎట్లా చెప్పాలి? ఇంటి గోడంత చెక్కపెట్టెలో లావువీ సన్నవీ గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కో గొట్టం ఒక పిల్లనగ్రోవి అనుకోండి, కాకపోతే దానికి ఒక్కటే స్వరం. ముందర కూర్చున్నాయన హార్మోనియంకు ఉన్నట్టుండే మెట్టు నొక్కితే ఆ గొట్టానికి గాలి పోయి అది పలుకుతుంది. గాలి ఇచ్చేది మాత్రం వెనక చీకటి సందులో ఉన్న తోలు తిత్తి. కొలిమి తిత్తి లాంటిదే, దానికి తాతలాంటిది. దాని కట్టెపిడిని పైకీ కిందికీ ఆడించాలి. దారానికి ఒక సీసం గుండు వేలాడుతుంటుంది. తిత్తి నిండితే అది కిందికి దిగుతుంది, గాలి తగ్గితే పైకి పోతుంది. గుండు పైకి పోయిందంటే పాట నడుమ గొట్టాలన్నీ ముసలి మేకల్లా మూలుగుతాయి. అందుకని పాట మొదలయిన దగ్గరనుంచి అమ్మ కళ్లు ఆ గుండు మీదే ఉండేవి. ఆ సందులో తోలుకు పూసిన ఆముదం వాసన, గబ్బిలాల వాసన, అమ్మ కొంగులోంచి పొద్దున చేసిన ఉగ్గాని వాసన. ఇప్పటికీ ఆముదం డబ్బా మూత తీస్తే నాకు ఆదివారం అయిపోతుంది.

ఆర్గన్ వాయించేది మా ఐవారు. బడిలో లెక్కలు చెప్పేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ను ఐవారనే పిలిచేది. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకు వంగి ఉండేవాడు. ఆర్గన్‌కు కాళ్లతో తొక్కే మెట్లు కూడా ఉంటాయి. చెప్పులతో తొక్కితే అంచు పక్క మెట్టుకు తగులుతుందని గుడిలోకి రాగానే చెప్పులు విడిచి మేజోళ్లు తొడుక్కునేవాడు. ఆ మేజోళ్లకు బొటనవేళ్ల దగ్గర బొక్కలు. వాటిని ఆయన భార్య సుందరమ్మత్త చేతికి ఏ దారం దొరికితే ఆ దారంతో కుట్టేది, అందుకని ఐవారి కాళ్లు ఎర్రగా, పచ్చగా, నీలంగా పూచి ఉండేవి. నశ్యం పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని, అప్పుడు వాయించేవాడు. తుమ్ము రాకపోతే పాట ఆలస్యం. పాస్టరుగారు కూడా ఆ తుమ్ము కోసం చూస్తూ నిలబడేవాడు.

సుందరమ్మత్త ఆడవాళ్ల వైపు, స్తంభం పక్క బెంచీలో కూర్చునేది. వానొచ్చినా వరదొచ్చినా ఆ చోటే. ఆరాధన అయ్యాక ఇద్దరూ ఇంటికి నడుస్తుంటే ఆమె ఆ రోజు ఆర్గన్ ఎట్లా ఉందో తీర్పు చెప్పేది. నేను వెనక మేజోళ్ల సంచీ మోసుకుంటూ వినేదాన్ని.

"ఈ పొద్దు బాగుండెనయ్యా. చేను మిందికి వాన వచ్చినట్లుండె."

"వానా? నాకు వడ్రంగి కొట్టం మాదిరి ఉండె. టకటకా టకటకా."

"నీకు అట్లనే ఉంటాది. నువ్వు వాయించేటోనివి, ఇనేది మేము."

నిజమే మరి. మెట్ల ముందర కూర్చున్న మనిషికి తలమీద గొట్టాలు, ముక్కు కింద చెక్కలు, వెనక నేను. మెట్లు టకటకమంటాయి, తిత్తి కిర్రుమంటుంది, దగ్గర గొట్టం చెవిలో అరుస్తుంది, దూరం గొట్టం వినబడనే వినబడదు. ఆయన వాయిస్తూ వాయిస్తూ ముసలివాడయ్యాడు గానీ, తన పాట గుడిలో కూర్చున్నవాళ్లకు ఎట్లా చేరుతుందో ఒక్కనాడూ వినలేదు. ఆ ఊళ్లో దాన్ని వాయించేవాడు ఇంకొకడు లేడు. ఆయన లేచి వచ్చి బెంచీలో కూర్చుంటే ఆర్గన్ పలకదు.

నేను చెప్పబోయే ఏడు ఐవారికి ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా తగ్గుతూ వచ్చింది. పొద్దున లేవగానే టైంపీసును కుడిచెవికి ఆనించుకుని, టిక్కుటిక్కు వినబడితే నవ్వి, అప్పుడు కాఫీ తాగేవాడు. కర్నూలులో డాక్టరు చూసి, ఇది కూడా పోతుంది, ఎప్పుడని చెప్పలేను, మందు లేదు అన్నాడు. ఆ రోజు ఐవారు మా ఇంటి అరుగుమీద కూర్చుని నాయనతో అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "చెవి పోతే పోయె. పోయే ముందర మా ఆమె కూచుండే కాడ కూచోని ఒక్కపాట ఇనుంటే బాగుండు. వానంటాది, వరదంటాది. నిజమో, నన్ను ఉబ్బించనీకి అంటాదో నాకేం తెలుసు?"

సరిగ్గా ఆ వారంలోనే కాంపౌండులో పాస్టరుగారి తమ్ముడి పెండ్లి జరిగింది. ఆళ్లగడ్డనుంచి మైకుసెట్టు తెప్పించారు. బస్సు టాపు మీద హారన్లు, తీగచుట్టలు, బ్యాటరీ, వాటి నడుమ కోడిపుంజులా ఒకడు. పేరు దావీదు. వాడు దిగీ దిగగానే గేటు స్తంభం ఎక్కి హారన్ కట్టి "హలో హలో" అన్నాడు, మా కోళ్లన్నీ గోడ దూకిపోయాయి. వాడి దగ్గర ఒక టేప్‌రికార్డర్ ఉంది. పెండ్లిలో ఎవరో ముసలాయన దీవెన చెప్తే, వాడు దాన్ని పట్టి, మళ్లీ అందరికీ వినిపించాడు. ముసలాయన తన గొంతు తానే విని పెండ్లికొడుకు కంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. ఐవారు జనాన్ని తోసుకుంటూ పోయి దావీదు చేయి పట్టుకున్నాడు.

"అప్పా, ఈ పెట్టె మా ఆర్గన్‌ను పడతాదా?"

"నోరున్న దేన్నయినా పడతాది ఐవారూ."

మరునాడు పొద్దున్నే వాడు మైకు తీసుకుని గుడిలోకి వచ్చాడు. గొట్టాలను కిందినుంచి పైదాకా చూసి తలగోక్కున్నాడు. వాడికి తెలిసిన విద్య ఒకటే. పెండ్లిలో, జాతరలో, మీటింగులో, మాట్లాడేవాళ్ల దగ్గరికి పోయి "మైకు నోటికి దగ్గర పెట్టుకోండి" అనడం. దగ్గర పెడితే వినబడుతుంది, దూరం పెడితే వినబడదు, అంతే.

"దీనికి నోరు యాడుంది ఐవారూ?"

అమ్మ గొట్టం అడుగున పెదవుల్లా కోసి ఉన్న చీలిక చూపించింది. "ఇదో అప్పా. ఒక్కోదానికి ఒక్కో నోరు."

"ఇన్ని నోర్లా! నా కాడ ఉండేది ఒక్క మైకే కదమ్మా."

"అన్నింటికన్నా పెద్దదానికి పెట్టు" అన్నాడు మా నాయన, ఏదో తెలిసినవాడిలా.

దావీదు సైకిల్ ట్యూబు ముక్కతో మైకును ఆ పెద్ద గొట్టం నోటికి, సరిగ్గా పెదవుల నడుమ, గుర్రానికి కళ్లెం వేసినట్టు కట్టేశాడు. ఐవారు తుమ్మి, వాయించాడు. నేను గాలి కొట్టాను. అయిపోయాక అందరం గేటు దగ్గరికి పరుగెత్తాం, ఎందుకంటే వినిపించే హారన్ గేటు మీదే ఉంది. రోడ్డంతా నిలబడింది. మొదట పాట ఎక్కడో పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు సన్నగా వచ్చింది. ఆ పెద్ద గొట్టం వంతు వచ్చేసరికి బొర్రుమని ఒక ఎద్దు రంకె వేసింది. మళ్లీ సన్నగా పాట. మళ్లీ ఎద్దు. నడుమ నడుమ కిర్రు కిర్రుమని తిత్తి, టకటకమని మెట్లు, వాటి మీద మా అమ్మ కేక: "గుండు పైకి పోతాంది, బిన్నా కొట్టవే!" దానికి జవాబుగా ఒక బొంగురు గొంతు: "కొడతాండా కదమ్మా, చేతులు ఊడతాండాయి!"

నా గొంతు నేను వినడం అదే మొదలు. కాకి జలుబు చేసి మాట్లాడినట్టుంది. నేను మొహం దాచుకుంటే దావీదు హారన్ కింద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎవురిదా గొంతు?"

"నాదే. ఏందీ?"

"ఏంలే. మా హారన్ గూడా అంత గట్టిగా అరవదు."

చేతిలో ఉన్న ఆముదం గుడ్డ వాడి మొహాన విసిరాను. ఎదురుగా అంగడిలోని శెట్టి తక్కెడ వదిలేసి బయటికి వచ్చాడు. "ఏం ఐవారూ, గుడిలో గానుగ పెట్టినారా? నూనె మా అంగడికే పోయండి" అన్నాడు. రోడ్డంతా నవ్వింది. నవ్వనిది ఒక్క ఐవారు. ఆయన హారన్ వైపు చూస్తూ నిలబడి, మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఇదేనా? దీన్నేనా వానంటివి?"

"ఇది కాదయ్యా. మా నాయన తోడు, ఇది కాదు."

"పెట్టె అబద్ధం చెప్తాదా?"

ఆ మాటకు సుందరమ్మత్త మొహం మాడిపోయింది. పెండ్లి కాని పిల్లనైనా నాకు అర్థమయింది. పెట్టె నిజమైతే, ఆమె అన్నేండ్లుగా ఆదివారం ఆదివారం చెప్పిన మాటలన్నీ మొగుడి మీద జాలితో చెప్పినవి అవుతాయి. ఆయనకేమో తేల్చుకోవడానికి మిగిలింది ఒక్క చెవి, అది ఎన్నాళ్లుంటుందో తెలియదు.

దావీదుకు పౌరుషం వచ్చింది. ఆ సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు ఎక్కాల్సినవాడు ఎక్కలేదు. దగ్గర పెడితే ఒక్క నోరే పలికింది కాబట్టి, అన్ని నోళ్లూ ఒకటే దూరంలో ఉండేటట్టు పెట్టాలన్నాడు. పందిరి వెదురుకు మైకు కట్టి, గుడి ఆ చివర, తలుపు దగ్గర నిలబెట్టాడు. ఈసారి ఎద్దు లేదు, తిత్తి లేదు, నా గొంతు లేదు. నేను సంతోషపడే లోపలే తెలిసింది, పాట కూడా లేదని. మా గుడిలో చప్పట్లు కొడితే గోడలు మళ్లీ చప్పట్లు కొట్టేవి. ఒక స్వరం పోకముందే ఇంకొకటి వచ్చి దాని మీద పడుతోంది, దాని మీద మరొకటి, అన్నీ కలిసి సంగటి ముద్దయిపోయాయి. ఆ ముద్దలో పిచ్చుకలు, పాణ్యం పోయే బస్సు హారన్ కూడా ఉన్నాయి. ఐవారు తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు తెలిసింది ఐవారూ" అన్నాడు దావీదు. "మీరొక్కరే వాయించడం లేదు. గోడలు గూడా వాయిస్తాండాయి. వాటి నోరు మూయాల."

ఆ మాటతో కాంపౌండుకు పండగ వచ్చింది. టెంటు అంగడినుంచి జంపఖానాలు, ఇంటింటినుంచి బొంతలు, దుప్పట్లు, ఎవరిదో పాత చీర, హాస్టలు ఆడపిల్లల పరుపులు. నాయన నిచ్చెన ఎక్కి కిటికీలకు, గోడలకు వేలాడదీశాడు. చంటిపిల్లలున్న ఇళ్ల బొంతలు ఎండ తగిలి గుడంతా ఉచ్చ వాసన. పాస్టరుగారు తొంగిచూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. మేమైతే నవ్వలేక చచ్చాం. అప్పుడు పట్టిన పాటలో ప్రతి స్వరం విడివిడిగా, గోరు గిల్లినట్టు స్పష్టంగా వినబడింది. కానీ పలికిన చోటే తెగి పడిపోతోంది, ఎండిన జొన్నదంట్లు విరిచినట్టు. బీరువాలో పెట్టి తాళం వేసిన హార్మోనియం అలాగే ఉంటుందేమో. ఐవారు చివరిదాకా విన్నాడు.

"ఇది నా ఆర్గనే. సచ్చిపోయినాక ఇట్లుంటాది" అన్నాడు. "చాల్లే అప్పా. శానా కష్టపడితివి. ఊరికి పో."

మరునాడు పొద్దున నేను వాళ్లింటికి పాలు తీసుకుపోతే ఆయన టైంపీసును చెవికి ఆనించుకుని ఉన్నాడు. దాన్ని ఊపాడు. మళ్లీ ఆనించాడు. తాళం తిప్పి చూశాడు. కాఫీ చల్లారిపోయింది. గడియారం ఆడుతూనే ఉంది, గడపలో ఉన్న నాకే వినబడుతోంది. గట్టిగా అంటే ఆయనకు మాటలు వినబడుతున్నాయి గానీ, ఆ సన్న చప్పుడు పోయింది. సుందరమ్మత్త వంటింటి తలుపు పట్టుకుని అదంతా చూసింది. పాలు పొయ్యిమీద పెట్టి, కొంగు బిగించి, చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

దావీదు బొంతలు దించి మడతపెడుతున్నాడు. ఆమె నేరుగా పోయి తన బెంచీలో, స్తంభం పక్కన కూర్చుంది.

"ఏమప్పా మైకూ! గొట్టం నోట్లో పెడితివి, వాకిలి కాడ పెడితివి, నా బొంత గూడా గోడకేస్తివి. నేను ఇనేది యాడ? ఈడ. ఈ బెంచీ కాడికి నీ మైకు ఒక్కసారన్నా వచ్చెనా?"

దావీదు నెత్తిన కొట్టుకున్నాడు. "రాలే పెద్దమ్మా. ఎవురూ చెప్పలే."

"ఎవురూ అడగలే!"

ఇక ఆమే మేస్త్రి. మైకు తన చెవి ఎత్తులో ఉండాలంది. చెక్క అదిరిన చప్పుడు రాకుండా బెంచీ వెనకపలకకు బొంత మడతేసి, దాని మీద మైకు కట్టించింది. దావీదు ఆమెను లేవమంటే లేవలేదు. "నేను ల్యాకుంటే అది నా బెంచీ ఎట్లయితాది?" అంది. గుడి ఖాళీగా ఉంటే గోడలు ఎక్కువ మాట్లాడతాయి, ఆదివారం జనముంటే తక్కువ మాట్లాడతాయి అని దావీదుకు అప్పటికి తెలిసిపోయింది. అందుకని బొంతల బదులు మనుషుల్ని తెమ్మన్నాడు. హాస్టలు పిల్లలు, కాంపౌండు ఆడవాళ్లు, పనిలేని మగవాళ్లు వచ్చి బెంచీలు నింపారు. నేను తిత్తి కీళ్లకు గిన్నెడు ఆముదం పోశాను. ఐవారు రానంటే రానన్నాడు. చివరకు సుందరమ్మత్త మేజోళ్లు తెచ్చి ఒళ్లో పడేస్తే, ఇదే కడసారి అని లేచి వచ్చాడు. తుమ్మాడు. దావీదు చేయి ఎత్తి, "దగ్గొద్దు, గాజులు ఆడించొద్దు, ఎవురూ గొంతెత్తొద్దు" అని చెప్పి మీట నొక్కాడు. చీకటి సందులో అమ్మ నా నోటికి తన కొంగు కట్టేసింది.

మొన్న ఆ కుర్రవాళ్లు పట్టిన పాటను మా పెద్దోడు ఫోనులో వినిపించాడు. అబద్ధం చెప్పను, బాగుంది. దగ్గరిదీ ఉంది, దూరందీ ఉంది, ఎద్దు లేదు, సంగటి లేదు. ఇప్పుడు తిత్తికి కరెంటు మోటారు, గాలి ఒక్క తీరుగా వస్తుంది, స్వరం వణకదు. మా రోజుల్లో నా చేయి అలిసినప్పుడల్లా పాట కూడా కొంచెం అలిసేది. విన్నవాళ్లకు అది పాటలో భాగమే అనిపించేది. వీళ్లు పెట్టిన మైకులు ఎవరి బెంచీలోనూ లేవు, అందరి బెంచీలకూ సరిపడేటట్టు ఉన్నాయి. తప్పేం లేదు. ఊరందరి కోసం పట్టే పాట అట్లాగే పట్టాలి. మాది ఒక్క చెవి కోసం పట్టింది.

ఆ రోజు సుందరమ్మత్త బెంచీ దగ్గర పాట పట్టాక, గేటు దగ్గరికి ఎవరూ పరుగెత్తలేదు. దావీదు ముందే చెప్పాడు, హారన్ నోట్లో పడితే ఏదైనా పెండ్లిపాటే అవుతుందని. టేప్‌రికార్డర్ అట్టపెట్టెలో, ఎవరూ వాడని ఒక చిన్న బొత్తాం లాంటిది, సన్నటి తీగతో, చెవిలో పెట్టుకునేది ఉంది. అది ఒక చెవికే. "ఐవారికి ఉండేది గూడా ఒకటే కదా" అని, తాను అన్న మాటకు తానే నాలుక కరుచుకున్నాడు. ఐవారు గట్టిగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం. దావీదు ఆయన్ను వాళ్ల అరుగుమీద కూర్చోబెట్టి, కుడిచెవిలో అది పెట్టి, మీట నొక్కాడు.

మాకేమీ వినబడదు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. మొదట కళ్లు మూసుకున్నాడు. తర్వాత వేళ్లు పంచె మీద ఆడాయి. నోరు కొంచెం తెరుచుకుంది. "వాన" అన్నాడు, అంతే. సుందరమ్మత్త అరుగు స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. మేము చప్పట్లు కొట్టబోయేంతలో ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఎవురో పాడతాండారు."

దావీదు మొహం తెల్లబడింది. ఆ బొత్తాం లాక్కుని తన చెవిలో పెట్టుకున్నాడు. "అవును, ఆడమనిషి. మైకు పక్కనే. స్వరం గూడా పక్కకు పోతాంది. ఎవురమ్మా? అంత గట్టిగా చెప్తి కదా!"

మైకు పక్కన ఉన్నది ఒక్కరే. అందరం సుందరమ్మత్త వైపు తిరిగాం.

"నేనా? నేను నోరే తెరవలే!" అంది. తర్వాత చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు తెలీకుండానే పాడుంటానేమో."

"మల్లా పడదాం ఐవారూ. ఈసారి పెద్దమ్మను లేపి పంపిద్దాం."

"వద్దు" అన్నాడు ఐవారు, బొత్తాం కోసం చేయి చాపుతూ. దాన్ని చెవిలో పెట్టుకోకుండా గుప్పిట్లో పట్టుకుని భార్యను అడిగాడు. "మే, ఎన్నాళ్లనుంచి పాడతాండావు?"

"నువ్వు వాయించినప్పట్నుంచి."

"నాకెప్పుడూ ఇనబడలేదే."

"పెండ్లయిన కొత్తలో నువ్వే కదా అంటివి, నీకు స్వరం నిలవదు, నువ్వు పాడితే గుంపు చెడతాదని. అందుకే ఆర్గన్ మోగేటప్పుడే పాడుకుంటా. దాని కింద ఎవురికీ ఇనబడదు."

ఐవారు నశ్యం డబ్బా తీసి, మూత తెరిచి, పీల్చకుండానే మూసేశాడు. బొత్తాం చెవిలో పెట్టుకున్నాడు. "స్వరం తప్పుతాండావు" అన్నాడు.

"తప్పుతా. చెప్తినే."

"తప్పనీ. గమ్మునుండు, నన్ను ఇననీ."

ఆ మధ్యాహ్నమంతా విన్నాడు. అయిపోతే వెనక్కి తిప్పించుకుని మళ్లీ. చివరకు బ్యాటరీలు నీరసించి టేపు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఉన్నట్టుండి నవ్వుతూ బొత్తాం నా చెవిలో పెట్టాడు. ఆర్గన్ పెద్దపులిలా గుర్రుమంటోంది, దాని పక్కన సుందరమ్మత్త మీసాలున్న మగవాడి గొంతుతో పాడుతోంది. ఒక్కొక్కరం విని నేల మీద పడి దొర్లాం. ఆమె కూడా విని, "అయ్యో, మా మామ గొంతు ఇది!" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. దావీదు నన్ను చూస్తూ, "నీ గొంతును ఇట్ల తిప్పితే రైలింజనే" అన్నాడు. వాడి మీద విసరడానికి ఆ పూట చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాతి ఏడు వాడినే చేసుకున్నాను, చివరిదాకా ఆ మాటే అని ఏడిపించాడు.

మరుసటి ఆదివారం గుడి నిండింది. ఐవారు తుమ్మాడు, మొదటి చరణం ఎప్పటిలాగే వాయించాడు. రెండో చరణానికి వచ్చేసరికి, పెద్ద గొట్టాలకు గాలి వదిలే పిడులను ఒక్కొక్కటే లోపలికి తోసేశాడు. ఉన్నట్టుండి నా చేతుల కింద పిడి తేలికైపోయింది. ఆర్గన్ గుసగుస అంత సన్నగా మిగిలింది. పాట తెలిసినవాళ్లంతా గొంతు తగ్గించారు. ఆ సన్నదనంలో, స్తంభం పక్కనుంచి, ఆడగొంతు ఒకటి స్వరానికి కొంచెం పక్కగా నడుచుకుంటూ పోయింది. ఆర్గన్ కప్పుతుందనే ధైర్యంతో పాడుతున్న గొంతు అది. తన గొంతు గుడంతా వినబడుతోందని తెలియగానే సుందరమ్మత్త టక్కున నోరు మూసుకుంది.

ఆర్గన్ కూడా ఆగిపోయింది. నేను చెక్కసందులోంచి చూశాను. పాస్టరుగారు పుస్తకంలోంచి తల ఎత్తాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఐవారు ముక్కాలిపీట మీద పక్కకు తిరిగి, కుడిచెవిని ఆడవాళ్ల బెంచీల వైపు పెట్టి, చేతులు మెట్ల మీదే ఉంచి కూర్చున్నాడు. "గుండు పైకి పోతాంది" అంది అమ్మ, ఈసారి గుసగుసగా. నేను కొట్టాను. తిత్తి నిండింది. ఎవరూ దగ్గలేదు. ఆమె మళ్లీ ఎత్తుకునేదాకా ఆయన ఒక్క మెట్టు కూడా నొక్కలేదు.